పసిబిడ్డతో ఇంగ్లాండ్‌లో కుట్టుపని వ్యాపారం: ఆర్డరు పట్టి కుట్టకండి, కుట్టి పెట్టింది అమ్మండి

మీ ప్రశ్న చదవగానే నా పాత ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది. మీ ఆయన ఉద్యోగం మీద మీరిద్దరూ ఇంగ్లాండ్ వెళ్ళారు, బాబుకి 4 నెలలు, పురిటికి వచ్చిన అమ్మగారు విజిట్ వీసా 6 నెలలూ అయిపోవస్తోందని హైదరాబాద్ తిరిగొచ్చేశారు. పోచంపల్లి బట్టతో కుషన్ కవర్లు, టేబుల్ రన్నర్లు కుట్టి అమ్మాలని ఉంది, ఇప్పుడే మొదలుపెట్టొచ్చా అని అడిగారు. నేను 2021 నుంచి 2023 దాకా అక్కడ ఇదే పని చేశాను. ఇప్పుడు తార్నాకలో మా ఇంటి పై వాటాలో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి ఇదే చేస్తున్నాను. మొదలుపెట్టండి. ఒక్కటి మాత్రం మొదటి రోజు నుంచే పాటించండి: ఆర్డరు తీసుకుని కుట్టొద్దు, కుట్టి బీరువాలో పెట్టుకున్నదే అమ్మండి.

ఎందుకో చెప్తాను. 2021 దీపావళికి మా ఊళ్ళోనే ఉండే ఒక తెలుగావిడ కొత్తింట్లోకి 10 కవర్లు కావాలంది. ఎరుపు మీద తెల్ల రూపాలున్న ఇక్కత్, 18 అంగుళాలవి. పండగ నవంబర్ 4న. మూడు వారాలుంది కదా, రోజుకొకటి కుట్టినా అయిపోతుందని ఒప్పేసుకున్నాను. రెండో వారంలో పాపకి జ్వరం. చంక దిగలేదు. ఆరు రోజులు మిషిన్ మీద గుడ్డ కూడా తీయలేదు. చివరి మూడు రాత్రులు ఒంటిగంట, రెండు దాకా కూర్చుని పూర్తి చేశాను. ఆ తొందరలో బట్టని ముందుగా తడపలేదు. పండగ మర్నాడు ఆవిడ ఫొటో పంపింది. కవరు మీద ఎవరో నీళ్ళు ఒలకబోశారట, కింద మీగడ రంగు సోఫా మీద అరచేయంత గులాబీ మరక. "అక్కా, ఏమనుకోకండి, చెప్పకుండా ఉండలేకపోయాను" అని రాసింది. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. 140 పౌండ్లూ వెనక్కిచ్చి, సోఫా శుభ్రం చేయించిన ఖర్చు కూడా ఇచ్చాను. మిగిలినవి తడిపి చూస్తే ఒక్కోటి ముప్పావు అంగుళం ముడుచుకుపోయాయి.

చేనేత నూలు బట్ట ముడుచుకుంటుందని, ముదురు ఎరుపు రంగు వదులుతుందని నాకు తెలియక కాదు. తారీఖు తరుముతుంటే తెలిసిన పని కూడా వదిలేస్తాం. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఫలానా రోజుకి ఇస్తానని మాటివ్వడం మన చేతిలో లేని పని. ఆ తర్వాత ఎవరడిగినా, "నా దగ్గర ఇప్పుడు ఈ ఏడు ఉన్నాయి, వీటిల్లో చూసుకోండి" అనేదాన్ని. మొదట్లో మొహమాటంగా ఉండేది. కానీ ఫొటో తీసి పెట్టిన వస్తువు పాపకి జ్వరమొచ్చినా అమ్ముడుపోతుంది, పోస్టులో వేయడానికి పది నిమిషాలు చాలు.

ఇక ఒంటి సంగతి. మా పాప 2021 జనవరిలో లాక్‌డౌన్‌లో పుట్టింది. ఏప్రిల్‌లో మన దేశాన్ని కోవిడ్ రెడ్ లిస్టులో (రాకపోకలు దాదాపు ఆపేసిన దేశాల జాబితాలో) పెట్టేసరికి అమ్మ ప్రయాణం ఆగిపోయింది. పథ్యం, తలస్నానం, అన్నీ వీడియోలోనే చెప్పేది. సెకండ్ హ్యాండ్ మిషిన్ కొన్నానని చూపిస్తే, "బాలింతవు, ఇప్పుడే మిషిన్ తొక్కుడేంది బిడ్డా, సూదిల దారమెక్కిస్తే కండ్లు గుంజుతయ్" అంది. ఇది కరెంటు మిషిన్, తొక్కేది లేదమ్మా అని వాదించాను. తీరా నన్ను పట్టుకున్నది మెడ, కుడి భుజం. పాలిచ్చేటప్పుడు వంగిన మెడే మళ్ళీ మిషిన్ మీద వంగుతుంది. మీది సిజేరియన్ అయితే డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టండి, ఒక్కసారికి ఇరవై నిమిషాలకి మించి కూర్చోకండి.

మనం కోసే బట్ట వెనకాల కూడా ఒక తల్లి భుజం నొప్పి ఉంది. ఆసు పోసి పోసి (నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పి తిప్పి) వాళ్ళమ్మ చేయి ఎత్తలేకపోవడం చూసే కదా చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేసింది. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. నేత వాళ్ళ కష్టం ధరలో ఉండాలని మనమే అంటాం, మన కష్టం దగ్గరికొచ్చేసరికి "ఇంట్లో ఖాళీగానే ఉన్నాను కదా" అనేస్తాం. నేను మొదట కవరుకి 9 పౌండ్లు పెట్టాను. బట్ట, జిప్పు, దారం కలిపి 5 పైనే. ఒక్కోటి కుట్టడానికి దాదాపు గంట. అంటే గంటకి 4 పౌండ్లు కూడా మిగల్లేదు, అప్పుడు అక్కడ పెద్దవాళ్ళ కనీస వేతనం గంటకి 8.91. జిప్పు మానేసి వెనక పక్క ఒకదాని మీద ఒకటి ఎక్కే మడత పెట్టడం మొదలుపెట్టాక 35 నిమిషాలకి వచ్చింది, ధర 14 చేశాను. మనవాళ్ళు రూపాయల్లోకి మార్చి "కోఠీలో రెండొందలకి వస్తుంది" అంటారు. వాదించకండి. కవరు తిరగేసి లోపలి వైపు చూపించండి. ఇక్కత్‌లో నేసే ముందే దారానికి ముళ్ళు కట్టి రంగు వేస్తారు, అందుకే రూపం రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అచ్చు వేసిన నకిలీకి వెనక వైపు వెలిసినట్టుంటుంది. అది కళ్ళారా చూసినవాళ్ళు మళ్ళీ ధర గురించి అడగలేదు.

గుండుసూదులు మాత్రం ఇవాళే ఇంట్లోంచి తీసేయండి. పాప పాకడం మొదలుపెట్టిన వారంలో కార్పెట్ మీద ఏదో ఏరుతోందని చెయ్యి విప్పి చూస్తే తెల్ల తల ఉన్న గుండుసూది. గుచ్చుకోలేదు. ఆ రోజే అన్నీ డబ్బాలో వేసి పారేసి, బట్ట పట్టి ఉంచడానికి ప్లాస్టిక్ క్లిప్పులు తెచ్చుకున్నాను. సూది విరిగితే రెండు ముక్కలూ దొరికేదాకా బిడ్డని కింద దించొద్దు. కత్తిరింపు, ఇస్త్రీ మా ఆయన ఇంట్లో ఉన్నప్పుడే చేసేదాన్ని. పాప పడుకున్న ముప్పై, నలభై నిమిషాల్లో తిన్నని కుట్లు మాత్రమే.

కాగితాల సంగతి క్లుప్తంగా. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చినవాళ్ళ భార్యగానీ భర్తగానీ అక్కడ సొంత వ్యాపారం చేసుకోవచ్చు. (అమెరికాలో హెచ్-4 మీద ఉన్న మా చెల్లికి పని అనుమతి లేక ఇదే చేయడం కుదరలేదు, కాబట్టి వేరే దేశం వాళ్ళు నా మాట పట్టుకుని దిగకండి.) ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏడు ఏప్రిల్ 5 దాకా మొత్తం అమ్మకం 1,000 పౌండ్లు దాటితే పన్నుల శాఖ దగ్గర నమోదు చేసుకోవాలి, ఆ ఏడాది ముగిశాక వచ్చే అక్టోబర్ 5 లోపల. లాభం కాదు, అమ్మకం. ఖాళీ కవర్లే అమ్మండి. లోపలి దిండు కూడా ఇస్తే 1988 నాటి అగ్ని భద్రత నిబంధనలు ఆ దూదికి వర్తిస్తాయి. పైగా ఖాళీ కవరు మడిచి 2.5 సెంటీమీటర్ల మందం లోపల ఉంచితే రాయల్ మెయిల్‌లో లార్జ్ లెటర్‌గా పోతుంది, పార్సిల్ కంటే బాగా తక్కువ. నేను అట్టముక్కకి ఆ కొలతలో చీలిక కోసి తలుపు వెనక వేలాడదీసుకున్నాను. అందులోంచి జారితేనే స్టాంపు.

అమ్మగారు పంపే బట్ట మీద గిఫ్ట్ అని రాయించొద్దు, అది అమ్మకానికి తెప్పించుకునే సరుకు. దిగుమతి మీద 20 శాతం వ్యాట్ కట్టండి, ఆ ఖర్చు ధరలో కలపండి.

మీ అమ్మగారు హైదరాబాద్‌లోనే ఉన్నారన్నారు కదా, భూదాన్ పోచంపల్లి అక్కడికి 45 కిలోమీటర్లే. ముందు ఐదు మీటర్లు, అదీ లేత రంగులు కొనమనండి. కొన్నాక అక్కడే చన్నీళ్ళలో రంగు వదలడం ఆగేదాకా తడిపి, డాబా మీద నీడపట్టున ఆరేసి, ఇస్త్రీ చేసి పంపమనండి. నవంబర్‌లో ఆ చిన్న ఫ్లాట్‌లో, బాబు బట్టల మధ్య, ఐదు మీటర్ల తడిబట్ట ఆరేసే చోటు మీకు దొరకదు.