అన్నదమ్ములిద్దరూ తాగేవాళ్లే.. ఒకరికే బానిసత్వం ఎందుకు?

ప్రశ్న: మావారికి 39 ఏళ్లు, సెంట్రింగ్ పని చేస్తారు. ఆయన, మా మరిది మొదట్లో కలిసే తాగేవాళ్లు. మరిది ఇప్పటికీ దావత్‌లో రెండు పెగ్గులతో ఆపేస్తాడు. మావారికి మాత్రం పొద్దున లేవగానే క్వార్టర్ పడకపోతే చేతులు వణుకుతాయి. మామయ్య కూడా తాగుడుతోనే పోయారు. 'తమ్ముడికున్న బుద్ధి నీకు లేదు' అని అత్తయ్య రోజూ తిడుతుంది. నిజంగా బుద్ధి లేకేనా? మాకు 14 ఏళ్ల బాబు ఉన్నాడు, వాడి గురించి భయంగా ఉంది. తెలియకుండా అన్నంలో కలిపే మందు ఉందంటున్నారు, వాడొచ్చా? – ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: ఆఖరి ప్రశ్నకు ముందు చెబుతానమ్మా. వద్దు, ఆ పని అస్సలు చేయకండి. అలా కలిపేది చాలాసార్లు డైసల్ఫిరామ్ అనే మాత్ర. అది కడుపులో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ప్రాణమే పోవచ్చు. గుండె, లివర్ పరీక్షలయ్యాక, తాగేమనిషి తెలిసి ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు అది. పేరు కూడా తెలియని పొడుల జోలికి అసలే వెళ్లొద్దు.

ఇక బుద్ధి సంగతి. 2019లో కేంద్రం ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్లు, అందులో బానిసలైనవాళ్లు 2.9 కోట్లు. మిగతా అందరికీ బుద్ధి ఉండి, వీళ్లకే లేకుండా పోయిందా? తాగుడుకు బానిసయ్యే ముప్పులో దాదాపు సగం వంశపారంపర్యంగా వచ్చేదే. 1970లలో డెన్మార్క్‌లో, తాగుబోతు తండ్రులకు పుట్టి పసికందులుగానే వేరే ఇళ్లకు దత్తత వెళ్లిన మగపిల్లలను గమనించారు. తండ్రి గ్లాసు పట్టడం కంటితో చూడకపోయినా, మిగతా దత్తపిల్లలకన్నా వాళ్లు మూడు నాలుగు రెట్లు ఎక్కువగా తాగుడుకు బానిసలయ్యారు. ఒకే తండ్రి బిడ్డలైనా అన్నకు వచ్చిన జన్యువులన్నీ తమ్ముడికి రావు. ఒకరికి బట్టతల వచ్చి ఇంకొకరికి రానట్టే.

నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరినీ 'మొదటిసారి తాగినప్పుడు ఎలా అనిపించింది?' అని అడుగుతాను. కొందరు తల తిరిగి వాంతి చేసుకున్నామంటారు. కొందరు మాత్రం కాస్త గర్వంగా, 'నాకేం కాలేదు సార్, పడిపోయినవాళ్లను నేనే ఇళ్లకు దింపాను' అంటారు. మనవాళ్లు ఇలాంటివాణ్ని గట్టోడు అని మెచ్చుకుంటారు. నాకు భయం వేసేది ఈ గట్టోడి గురించే. రెండు పెగ్గులకు తూలేవాణ్ని ఒళ్లే ఆపుతుంది. ఇతనికి ఆ బ్రేకు పడదు, నాలుగు తాగితేగానీ ఎక్కదు. అమెరికాలో మార్క్ షూకిట్ అనే మానసిక వైద్యుడు యువకులను ఏళ్ల తరబడి గమనించి చూస్తే, ఇరవై ఏళ్ల వయసులో మత్తు తక్కువగా తెలిసినవాళ్లే తర్వాత ఎక్కువగా బానిసలయ్యారు. మీవారు మొదట్లో ఎలా ఉండేవారో మరిదిని అడగండి.

దీనికి టెన్షన్, డిప్రెషన్, రోజంతా బరువులు మోసి వచ్చిన ఒళ్లు నొప్పులు తోడవుతాయి. సరదాకి తాగేవాడికన్నా నొప్పినో దిగులునో మరిచిపోవడానికి తాగేవాడికి అలవాటు త్వరగా ముదురుతుంది.

ఆ తర్వాత మెదడే మారిపోతుంది. మద్యం మెదడును నెమ్మదింపజేస్తుంది కాబట్టి, అది తట్టుకోవడానికి మెదడు లోపల్నుంచి వేగం పెంచుకుంటుంది. రాత్రి తాగింది తెల్లారేసరికి దిగిపోతుంది, ఆ వేగం మాత్రం మిగులుతుంది. వణుకు, చెమటలు అందుకే. ఒకావిడ చెప్పింది: పొద్దున భర్త చాయ్ గ్లాసు ఎత్తితే ఒలికిపోతుందని, బల్ల మీద ఉంచి తనే వంగి తాగుతాడట. క్వార్టర్‌లో సగం పడ్డాక అదే గ్లాసు ఒంటి చేత్తో పట్టుకుంటాడట. మీవారు పొద్దున తాగేది కిక్కు కోసం కాదమ్మా, ఆ వణుకు ఆపుకోవడానికి.

అందుకే ఒట్టు వేయించో, గదిలో పెట్టి తాళం వేసో ఒక్కసారిగా మాన్పించకండి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత లేనివి కనబడటం, మతి తప్పడం జరగొచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్స్ మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటి లక్షణాలతోనే జనం పోటెత్తారు. ఆసుపత్రిలో అయితే మందులతో నెమ్మదిగా దింపుతారు, బీ1 విటమిన్ ఇస్తారు. తర్వాత తాగాలన్న యావను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు, కౌన్సెలింగ్ ఉంటాయి. మధ్యలో మళ్లీ తాగినా చికిత్స వృథా కాదు, మళ్లీ తీసుకురండి.

మీ బాబుకు ఇది రాసిపెట్టిన రాత కాదు. తాగుడుకు బానిసలైనవాళ్ల పిల్లల్లో ఎక్కువ మంది బానిసలు కారు. 15 ఏళ్లలోపు మొదలుపెట్టినవాళ్లు, 21 దాటాక మొదలుపెట్టినవాళ్లకన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా బానిసలైనట్టు అమెరికా సర్వేలో తేలింది. బెల్టు షాపుకు వాణ్ని పంపొద్దు. దావత్‌లో 'ఒక్క గుటక తాగరా' అనే మామలను గట్టిగా ఆపండి. ఇంట్లో షుగర్ ఉంటే పిల్లలకు చెబుతాం కదా, ఇదీ అలాగే దాచకుండా చెప్పండి.

జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉన్నాయి, రెండూ ఉచితమే. అత్తయ్యనూ వెంట తీసుకెళ్లండి, ఇదంతా డాక్టర్ నోట ఆమె వినాలి. ఆయన రోజుకు ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా.. ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లండి.