సేటు గారి పెట్టె

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం, మీ తాతయ్య పెట్టె ఫోటోలు అందాయి. వాచీ పని నేర్చుకోవడానికి ఈ పనిముట్లు సరిపోతాయా అని అడిగావు. చాలు. కానీ ముందు అందులో సగం తీసి వేరే పెట్టెలో పెట్టు.

రాజస్థాన్ నుంచి నెల్లూరు వచ్చిన కొత్తలో మీ తాతయ్య సేటు గారికి వాచీ పని తెలియదు. ఆచారి వీధిలో తాకట్టు కొట్టు. గొలుసులూ గాజులతో పాటు వాచీలూ వచ్చేవి. నడిచేదో కాదో చూడనిదే డబ్బివ్వలేరు కదా, పక్కన ఉండే నన్ను కేకేసేవారు. నేను పెట్టే తిప్పలు పడలేకేమో, చివరికి పనిముట్లు తానే కొన్నారు. ఆకురాయి, గీటురాయి, వెలిగారం డబ్బా ఉన్న పెట్టెలోకే ట్వీజర్లూ స్క్రూడ్రైవర్లూ చేరింది అలాగే.

అన్నిటికంటే ముందు తీయాల్సింది ఆ అయస్కాంతం. బంగారు రజనులోంచి ఇనుప పొడి లాగడానికి అది కావాలి, వాచీకి మాత్రం శత్రువు. కుర్రతనంలో ఒకాయన హెచ్ఎంటీ జనతా వాచీని రాత్రంతా దాని పక్కన పెట్టేశాను. మర్నాటి నుంచి రోజుకు పావుగంట ముందుకు పరుగు. మూడుసార్లు విప్పి కడిగాను, లాభం లేదు. హెయిర్‌స్ప్రింగ్ (వెంట్రుకంత సన్నని చుట్ట స్ప్రింగ్) చుట్లు అయస్కాంతం పట్టి ఒకదానికొకటి అంటుకుంటే, స్ప్రింగ్ పొట్టిదైనట్టే, వాచీ వేగాన్ని నడిపే బ్యాలెన్స్ చక్రం తొందరగా ఊగుతుంది. నడుస్తున్న వాచీ మీద చిన్న దిక్సూచి పెట్టి చూడు, ముల్లు వణికితే అదే రోగం. అయస్కాంతం వదిలించే డీమాగ్నెటైజర్ మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని, వాచీని మెల్లగా మూరెడు దూరం జరిపాకే బటన్ వదలాలి. ట్వీజర్లకూ అదే వైద్యం.

మొదట పాత జనతా ఒకటి కొని విప్పు. విప్పే ముందు కీ దించడం, అంటే లోపలి పెద్ద స్ప్రింగ్ బిగువు వదలడం, మరవకు. కీ కాస్త తిప్పి, అది వెనక్కి తిరగకుండా ఆపే క్లిక్‌ను పక్కకు నొక్కి పట్టి, వేళ్ళ మధ్య నుంచి కీని మెల్లగా జారనివ్వు. అది చేయకుండా, చక్రాలను పట్టి ఉంచే బ్రిడ్జి పలక తీస్తే చక్రాల పళ్ళు విరుగుతాయి. స్క్రూడ్రైవర్ మొన గాడికి సరిపోవాలి, సన్నదైతే గాడిని కొరుకుతుంది. నూనె సూదిమొనంత చాలు, ఎక్కువైతే పాకి దుమ్ము పడుతుంది. బ్యాటరీ వాచీలకు ప్లాస్టిక్ ట్వీజర్ వాడు, ఇనుపది రెండు వైపులా తగిలితే షార్ట్ అవుతుంది.

మన ఊరి ఎండలకు వేళ్ళు చెమట పడతాయి, రబ్బరు తొడుగులు వేసుకో. ఫ్యాన్ ఆపాల్సిందే, తప్పదు. విప్పిన భాగాల మీద గాజు గ్లాసు బోర్లించు.

ఇంకోటి. డయల్ మీద '17 జ్యువెల్స్' అని చూసి, అందులో కెంపులున్నాయట, తీసిస్తావా అని అడిగేవాళ్ళు నీకూ వస్తారు. అవి కెంపులే, కాకపోతే మనుషులు చేసినవి. వెర్నూయి అనే ఫ్రెంచి ఆయన 1902లో బయటపెట్టిన పద్ధతి వచ్చాక అవి చవకైపోయాయి. ఇరుసు అరగకుండా తిరగడానికి పెడతారు, అంతే. ఉంగరంలో పొదిగి ఇమ్మంటే నవ్వి పంపించు.

బంగారం పని మానమని కాదు నేను చెప్పేది. రెండిటికీ రెండు బల్లలు, రెండు బ్రష్షులు ఉండాలి. రజను ఒక్క రేణువు చక్రంలో పడితే వాచీ ఆగుతుంది.

ఆదివారం పెట్టె తీసుకుని రా, ట్వీజర్ల మొనలు సాన పట్టి ఇస్తాను. అయస్కాంతం మాత్రం ఇంట్లో వదిలేసి రా.

మీ తాతయ్య పక్క కొట్టు తాతయ్య