ముందు కుప్పను చదవండి

(నెల్లూరు, ప్రకాశం జిల్లాల మునిసిపాలిటీల్లో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మా కాలమిస్టు పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మా వీధి మలుపులో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని కింద ఎప్పుడూ చెత్తే. చెత్తబండి రోజూ ఇంటి ముందుకు వస్తుంది. ట్రాక్టరు వచ్చి కుప్పను కూడా ఎత్తుకుపోతుంది. సాయంత్రానికి మళ్ళీ మొదలు. పోయిన నెల మా వీధి కుర్రవాళ్ళు ఒక ఆదివారమంతా శ్రమపడి శుభ్రం చేసి, ఫోటోలు తీసుకున్నారు. బుధవారానికల్లా యథాస్థితి. ఎవరో గోడకు దేవుళ్ళ బొమ్మలున్న టైల్స్ అంటించారు. చెత్త పది అడుగులు అవతలికి జరిగింది, అంతే. మలుపులో టిఫిన్ బండి ఆయనతో మా ఇంటాయనకు మాటా మాటా పెరిగింది. ఇప్పుడు సీసీ కెమెరా పెట్టిద్దామని ఇంటికి ఐదు వందల చందా అడుగుతున్నారు. ఇవ్వమంటారా?
— ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: ఇప్పుడే ఇవ్వకండమ్మా. కెమెరాకు మొదట దొరికేది ఎదురింటి అత్తగారే. ఆ దృశ్యాన్ని ఎవరు ఎవరికి చూపిస్తారు? రెండిళ్ళ మధ్య మాటలు పోతాయి, కుప్ప మాత్రం అక్కడే ఉంటుంది.

మీ కుర్రవాళ్ళ మీద నాకు గౌరవమే. కానీ వాళ్ళు ఆఖరున పట్టుకోవాల్సిన చీపురును మొదటే పట్టుకున్నారు. ముందు ఆ కుప్పను చదవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మాట నాకు చెప్పింది ఏ అధికారీ కాదు, పారిశుద్ధ్య కార్మికులతో పని చేయించే మా మేస్త్రి. తెల్లవారుజామున మస్టరు (హాజరు) వేసి అందరినీ పనికి పంపాక, ఆయన కుప్ప దగ్గర నిలబడి కర్రతో అటూ ఇటూ కదిపి, ఇది ఫలానా ఇంటిది, ఇది ఫలానా కొట్టుదని చెప్పేవాడు. చెత్త అబద్ధం ఆడదు. మీరు కూడా ఒక వారం రోజులు పొద్దునొకసారి, రాత్రి పడుకునే ముందొకసారి వెళ్ళి చూడండి. ఎవరినీ ఏమీ అనకండి.

కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం ముడివేసిన క్యారీబ్యాగుల్లో కనిపిస్తే అవి బండి వచ్చేసరికి ఇంట్లో ఉండనివాళ్ళవి. తెల్లవారకముందే కృష్ణపట్నం వైపు బస్సెక్కేవాళ్ళు, ఇద్దరూ ఉద్యోగాలకు పోయే మొగుడూ పెళ్ళాలు, ఒక గదిలో నలుగురు ఉండే బ్రహ్మచారులు. వాళ్ళకు బుద్ధి లేక కాదు, వేళ కుదరక వేస్తున్నారు. పగలంతా ఇంట్లో ఉండేవాళ్ళు ఒకరు ఒప్పుకొని, గేటు లోపల మూత ఉన్న బకెట్టు పెట్టి, ఆ రెండు మూడు ఇళ్ళ చెత్త బండికి అందిస్తే ఈ భాగం తీరిపోతుంది. లేదా బండి మీ వీధికి వచ్చే వేళను కాస్త ముందుకు జరపమని వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శిని అడగండి. ఏ వీధి తర్వాత ఏ వీధి అన్నది రాతి మీద చెక్కిన శాసనమేమీ కాదు, మేస్త్రి తలుచుకుంటే మారుతుంది. ఒక్కరు అడిగితే మారదు, పది ఇళ్ళవాళ్ళు సంతకాలు పెడితే మారవచ్చు.

ఆ క్యారీబ్యాగు ముడి గురించి మరో మాట. మన ఒంగోలు జాతి పశువులను బ్రెజిల్‌వాళ్ళు తీసుకుపోయి, ‘నెలోర్’ అని మీ ఊరి పేరుతోనే లక్షలకు లక్షలు పెంచుకుంటున్నారు. ఇక్కడ నెల్లూరు వీధిలో ఆవు లోపలి అన్నం కోసం క్యారీబ్యాగును ముడితో సహా మింగుతోంది. తడి చెత్త బకెట్టులో పడితే బండిలోకి పోతుంది, కవరులో కడితే ఆవు కడుపులోకి పోతుంది.

కాగితం ప్లేట్లు, టీ కప్పులు కనిపిస్తే అవి టిఫిన్ బండివి, లేదా దాని దగ్గర తినేవాళ్ళవి. వీధి వ్యాపారి తన చెత్తకు తానే డబ్బా పెట్టుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. అయితే ఈ మాట మీవారు పొద్దున ఎనిమిదింటికి, పెనం మీద దోసెలు కాలుతుండగా చెప్పి ఉంటారు. ఆ వేళకు ఏ వ్యాపారీ మంచి మాట వినడు. పదకొండు దాటాక, గిన్నెలు కడుక్కునే వేళ, ఆయన దగ్గర రోజూ తినే పెద్దమనిషి ఎవరైనా చెబితే వింటాడు. డబ్బా ఆయన కొనుక్కుంటాడు, దాన్ని ఎక్కడ ఖాళీ చేయాలో మీరు చూపించాలి. అది చూపించకపోతే డబ్బా కూడా ట్రాన్స్‌ఫార్మర్ కిందికే వస్తుంది.

కొబ్బరి బోండాలు ఉంటే వాటి సంగతి ముందు చూడండి. వాన పడితే ప్రతి బోండంలోనూ నీళ్ళు నిలుస్తాయి. డెంగీ దోమ గుడ్డు పెట్టిన దగ్గర నుంచి రెక్కలొచ్చి ఎగిరేదాకా వారం పది రోజులు చాలు. శుక్రవారం శుక్రవారం నీళ్ళు పారబోయమని ఆరోగ్యశాఖవాళ్ళు చెప్పేది అందుకే. బోండాల వ్యాపారిని వాటిని రెండు ముక్కలుగా కొట్టి గోనెసంచిలో వేయమనండి. కొట్టిన బోండంలో నీళ్ళు నిలవవు.

దర్జీ పేలికలు, మంగలి షాపు వెంట్రుకలు ఉంటాయి. అవి ఒక్క మాటతో పోతాయి, వాటి గురించి ఆందోళన పడకండి.

కాగితంలో చుట్టి రాత్రిపూట వచ్చేవి ఇంకో రకం. అవి శానిటరీ ప్యాడ్లు, పిల్లల, వృద్ధుల డైపర్లు. మగవాళ్ళ కమిటీలు ఎన్ని మీటింగులు పెట్టినా ఈ మాట బల్ల మీదికి రాదు. బండి తోసుకొచ్చే మగమనిషి చేతికి వాటిని ఇవ్వడానికి ఆడపిల్లలు సిగ్గుపడతారు. ఇంట్లో దాచలేరు, చీకటి పడ్డాక తెచ్చి పడేస్తారు. వాటిని కవరులోనో కాగితంలోనో గట్టిగా చుట్టి, తడి చెత్తలో కలపకుండా ఇవ్వాలి. చుట్టిన పొట్లం మీద ఎర్ర గుర్తు పెడితే ఎత్తే మనిషి దాన్ని విప్పకుండా పక్కన పెడుతుంది. ఈ మాట ఇల్లిల్లూ తిరిగి చెప్పగలిగింది మీలాంటివారే. నా ఉద్యోగం మొత్తంలో ఏ మగ ఉద్యోగీ ఈ పని సరిగ్గా చేయగా నేను చూడలేదు.

అన్నిటికంటే అడుగున ఉండేవి ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు. దాదాపు ప్రతి కుప్పకూ తల్లి ఇదే. ఎవరో స్నానాలగది పగలగొట్టి నాలుగు తట్టల రబ్బిసు అక్కడ పోస్తారు. దారిన పోయే ప్రతివాడికీ అది ఇక్కడ వేయవచ్చన్న అనుమతి. పైన చెత్త ఎంత ఊడ్చినా, ఈ రబ్బిసు ఉన్నంతకాలం కుప్ప మళ్ళీ పుడుతుంది. మీ కుర్రవాళ్ళ ఫోటోలు నేను చూడలేదు కానీ, పందెం కడతాను, రబ్బిసును అలాగే వదిలి ఉంటారు. అది చేతులతో పోయేది కాదు, పారా, గంపా, ట్రాక్టరూ కావాలి.

ఇక మనుషుల సంగతి. సభ పెట్టకండి. సభకు వచ్చేవాళ్ళు చెత్త వేయరు, చెత్త వేసేవాళ్ళు సభకు రారు. మీ వీధిలో పొదుపు సంఘం ఉండే ఉంటుంది, వాళ్ళను కలవండి. ఈ జిల్లాలో ఇది కొత్త విద్య కాదు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో, రోసమ్మ ముందు నిలబడితే ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. తాగే మొగుళ్ళకు నీతులు చెబుతూ కూర్చోలేదు, ఊళ్ళో సారా అమ్మకమే ఆపించారు. ఆ ఊపు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాతే ఈ జిల్లాలో పొదుపు ఉద్యమం లేచింది. చెత్త దగ్గరా నా సలహా అదే. కుప్ప దగ్గర కాపలా కాసి జనాన్ని తిట్టడం కన్నా, అది పుట్టే గడప దగ్గరికి వెళ్ళడం మేలు.

ఇవన్నీ కుదిరాక చీపురు పట్టండి. ముందు రోజే మేస్త్రితో మాట్లాడి ట్రాక్టరు ఖాయం చేసుకోండి. లేకపోతే మీరు సంచుల్లోకి ఎత్తిన చెత్త రోడ్డు పక్కనే ఉండిపోతుంది, రాత్రికి కుక్కలు చింపుతాయి. చేతులకు తొడుగులు తప్పనిసరి, పగిలిన గాజు, సూదులు ఉంటాయి. ఎవరైనా అగ్గిపుల్ల గీస్తామంటే ఒప్పుకోకండి, పైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. పైగా బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో తగలబెడితే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో తీర్పు చెప్పింది.

శుభ్రం చేసిన జాగా ఖాళీగా ఉండకూడదు. అక్కడ చెత్త పడటానికి కారణం, అది ఎవరి గడపా కాకపోవడం. ట్రాన్స్‌ఫార్మర్ కింద బెంచీ వేయకండి, మొక్కలకని నీళ్ళూ పోయకండి, ప్రాణాలకు ప్రమాదం. దానికి ఎదురుగా, రోడ్డుకు అవతల, ఇస్త్రీ బండికో పూలమ్మే ఆవిడకో చోటు ఇవ్వండి. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒక మనిషి చూపు ఉన్న చోట చెత్త సంచి విసరడానికి చెయ్యి రాదు. వీధి దీపం లేకపోతే వేయించుకోండి. దేవుళ్ళ టైల్స్ మాత్రం తీయించేయండి. కుప్ప పక్కన నిలబెట్టడం దేవుడికి మర్యాద కాదు, అన్య మతస్థుల వీధిలో అయితే మరో తగాదా.

మొదటి రెండు మూడు వారాలు పొద్దున్నే ఒకరు చూస్తూ ఉండాలి. ఒక సంచి కనిపిస్తే అది రెండు కాకముందే తీసేయాలి. ఆ పని రోజూ ఒకరే చేస్తే విసుగొస్తుంది, వంతులు వేసుకోండి.

ప్రశ్న: మేము ఒంగోలులో ఉదయపు నడక మిత్రులం. మా దారిలో రోడ్డు మీద చెత్త వేసేవారికి మేమే జరిమానా విధించి, ఆ సొమ్ముతో డబ్బాలు కొనాలని తీర్మానించాం. చట్టం ఒప్పుకుంటుందా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: ఒప్పుకోదండీ, మాస్టారూ. జరిమానా వేసే అధికారం నగరపాలక సంస్థది. మీరు వసూలు చేస్తే కేసు మీ మీదే పెట్టవచ్చు. మీ తీర్మానాన్ని మరో వైపు తిప్పండి. అనుమతి ఉన్న హాలు కాక, వీధిలోనో ఖాళీ స్థలంలోనో 100 మందికి మించి జనాన్ని పిలిచేవారు మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు తెలియజేయాలని, చెత్తను వేరుచేసి అప్పగించాలని 2016 నిబంధనలు చెప్పాయి. మీ దారిలో షామియానా లేచిన ప్రతిసారీ, భోజనాలకు ముందే వెళ్ళి ఆ సంగతి గుర్తు చేయండి. విందు అయ్యాక చెప్పి ప్రయోజనం లేదు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా నిషేధం. అదే ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని క్యారీబ్యాగులూ కుదరవు. వంటవారికి, షామియానా సామాను ఇచ్చేవారికి ఈ రెండు ముక్కలు కాగితం మీద రాసి ఇస్తే చాలు, ఎందుకంటే సామాను కొనేది వాళ్ళే. వాన కురిస్తే పోతురాజు కాలువ సంగతి ఏమవుతుందో ఒంగోలువారికి నేను చెప్పనక్కరలేదు. మురుగు కాలువలో సిల్టు తీసేటప్పుడు పైకి వచ్చేదాన్ని ఒకసారి నిలబడి చూడండి. అందులో మట్టి కంటే కవర్లే ముందు కనిపిస్తాయి.

ప్రశ్న: మేము కావలిలో డిగ్రీ చదువుతున్నాం. ప్రభుత్వం ప్రతి నెలా మూడో శనివారం చేసే స్వచ్ఛతా కార్యక్రమం అంతా ఫోటోల కోసమే అని మా స్నేహితులు అంటున్నారు. అందులో చేరడం దండగేనా?
— ఒక విద్యార్థి, కావలి

జవాబు: ఫోటోలు ఉంటాయి, ఎవరూ కాదనరు. స్వర్ణాంధ్ర స్వచ్ఛాంధ్ర పేరుతో 2025 జనవరిలో మొదలైంది ఇది. మరుసటి నెల 15న ముఖ్యమంత్రే కందుకూరు వచ్చారు. ఫోటోల సంగతి వదిలి ఆ మూడో శనివారం లెక్క చూడు బాబూ. కమిషనరు దగ్గర నుంచి మేస్త్రి దాకా, ట్రాక్టరుతో సహా, ఆ ఒక్కరోజు అందరూ వీధిలోనే ఉంటారు. మామూలు రోజుల్లో ట్రాక్టరు కోసం మీరు నాలుగు గదులు తిరగాలి. మీ వీధిలో కదలని రబ్బిసు కుప్ప ఏదైనా ఉంటే ముందే దాని ఫోటో తీసి, ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి, మూడో శనివారం పొద్దున్నే ఎదురెళ్ళి కమిషనరుగారి చేతికివ్వండి. కాగితానికి ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఆ రోజు కుప్ప కదలకపోతే, నకలు పట్టుకుని సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళండి. కావలి నుంచి నెల్లూరుకు పొద్దున బస్సులకేమీ తక్కువ లేదు.