పెడల్ మెత్తబడితే ముందు ఫ్లూయిడ్ చూడండి

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు పెడల్ మెత్తబడుతోంది, బీఎండబ్ల్యూ 3 సిరీస్‌కు ఖరీదైన ఎం పర్ఫార్మెన్స్ బ్రేకులు వేయించాలా అని అడిగారు కదా. తొందరపడకండి. మామూలు బ్రేకులతోనే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు) పనిచేస్తోందంటే, ఆగే దూరాన్ని ఇక తేల్చేది టైర్ల పట్టే. ఎం పర్ఫార్మెన్స్ బ్రేకుల్లోని పెద్ద డిస్కులు వేడిని ఎక్కువ ఓర్చుకుంటాయి. వాటి రంగు కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) చూడముచ్చటగా ఉంటాయి, అది వేరే సంగతి.

నా అనుమానం పాత బ్రేకు ఫ్లూయిడ్‌పైనే, అంటే పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే ద్రవంపైనే. డాట్ 4 అనే బ్రేకు ఫ్లూయిడ్ ప్రమాణం ప్రకారం కొత్తదాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు లేచి, పెడల్ స్పాంజిలా దిగిపోతుంది. ముందు ఫ్లూయిడ్ మార్పించి, ప్యాడ్ల మందం చూపించి, చిన్న గేరులో దిగి చూడండి. అప్పటికీ తగ్గకపోతే, వేడికి తట్టుకునే మంచి ప్యాడ్లు చాలు.