యుద్ధ చరిత్ర చదివితే ఆఫీసర్ ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. సీడీఎస్ (సైన్యంలో ఆఫీసర్ల ఎంపిక పరీక్ష) రాసి ఆర్మీలో చేరతానంటున్నాడు. ఎప్పుడు చూసినా 1962, 1971 యుద్ధాల పుస్తకాలే చేతిలో ఉంటున్నాయి. వీటివల్ల ఉపయోగం ఉందా? డిఫెన్స్ స్టడీస్‌కి మార్పించమంటారా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: రాతపరీక్ష వరకైతే ఉపయోగం తక్కువే. డెహ్రాడూన్ ఐఎంఏ (ఆర్మీ ఆఫీసర్ల శిక్షణ అకాడమీ)కి ఇంగ్లిష్, జీకే, గణితం తలా 100 మార్కులు. బీకాం పిల్లలు ఎక్కువగా గణితంలోనే దెబ్బతింటారు. పరీక్ష అయ్యేదాకా ఈ పుస్తకాలకు ఆదివారం మూడు గంటలు చాలు. డిగ్రీ మార్చనక్కర్లేదు. ఐఎంఏకి ఏ డిగ్రీ అయినా సరే, డిఫెన్స్ స్టడీస్‌కి అదనపు మార్కులేమీ ఉండవు.

చేరాక లెక్క మారుతుంది. మేజర్ స్థాయి ప్రమోషన్ పరీక్షలోనూ, ఆఫీసర్ల ఉన్నత శిక్షణకు ఉన్న వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ ప్రవేశ పరీక్షలోనూ సైనిక చరిత్ర ఉంటుంది. మార్కుల మాట అటుంచండి. ఆఫీసర్ ఏళ్ల తరబడి యుద్ధం చూడకుండానే పనిచేసి, ఒక రాత్రి ఉన్నట్టుండి నిర్ణయం తీసుకోవలసి రావచ్చు. అలాంటి నిర్ణయాలను ముందుగా సాధన చేయడానికి చరిత్రే దిక్కు. అయితే చదివే పద్ధతి సరిగ్గా ఉండాలి.

రాజస్థాన్ సరిహద్దులోని లోంగేవాలా పోస్టునే తీసుకోండి. 1971 డిసెంబర్ 4 రాత్రి మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి చేతిలో ఉన్నది ఒక కంపెనీ, సుమారు 120 మంది. ఎదురుగా వస్తున్నవి 40కి పైగా పాకిస్తాన్ ట్యాంకులు. జైసల్మేర్‌లోని హంటర్ యుద్ధ విమానాలు రాత్రిపూట దాడి చేయలేవు. మీవాడిని ఇక్కడ పుస్తకం మూయమనండి. ఆ మేజర్‌కు అప్పటికి తెలిసిన విషయాలేవి, తెలియనివేవి, తానైతే ఏం చేస్తాడు, ఎందుకు అన్నది పది నిమిషాల్లో అర పేజీ రాయాలి. ఆ తర్వాతే ముందుకు చదవాలి. పక్కన మ్యాప్ లేకపోతే ఈ కసరత్తు దండగ.

మేజర్ నిలబడ్డాడు. ముళ్లకంచె చూసి మందుపాతరలున్నాయనుకుని శత్రువు తటపటాయించాడు, కొన్ని ట్యాంకులు ఇసుకలో కూరుకుపోయాయి, తెల్లారగానే హంటర్లు వచ్చాయి. ఇది చదివి 'ఏమైనా సరే పోస్టు వదలకూడదు' అని నోట్సులో రాసుకుంటే అక్కడే పప్పులో కాలేసినట్టు. చైనాతో యుద్ధంలో, 1962 నవంబర్ 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లాలో మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ కూడా వెనకడుగు వేయలేదు. కానీ మధ్యలో కొండ అడ్డం ఉండడంతో మన ఫిరంగులు సాయపడలేకపోయాయి. ఆ యుద్ధంలో పోరాట విమానాలను అసలు వాడనే లేదు. 110 మందికి పైగా చనిపోయారు. ధైర్యంలో తేడా లేదు, వెనక నుంచి అందే సాయంలో ఉంది. అందుకే ఒక్క యుద్ధంతో సూత్రం కట్టకుండా, అలాంటిదే ఇంకో యుద్ధాన్ని పక్కన పెట్టి ఏ పరిస్థితి మారిందో వెతకాలి. ఓడిన యుద్ధాలనూ వదలకూడదు. నిజానికి మనవాళ్లు తక్కువగా చదివేది వాటినే.

ఒకే పుస్తకాన్ని నమ్మడం ఇంకో పొరపాటు. లోంగేవాలాలో ట్యాంకులను ధ్వంసం చేసిన ఘనత సైన్యానిదా, వైమానిక దళానిదా అన్న వాదన ఏళ్ల తర్వాత కూడా నడిచింది. ఎవరి జ్ఞాపకాల్లో వాళ్లే హీరోలు. కనీసం రెండు కథనాలు, వీలైతే అవతలి పక్షం రాసింది ఒకటి చదవాలి.

రాతపరీక్ష తర్వాత జరిగే ఎస్ఎస్‌బీ (ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూలో మాత్రం జనరల్స్ పేర్లు, యుద్ధాల తేదీలు వల్లించొద్దని గట్టిగా చెప్పండి. అక్కడ చూసేది జ్ఞాపకశక్తిని కాదు. గ్రూప్ ప్లానింగ్‌లో ఒకేసారి నాలుగైదు సమస్యలిచ్చి, ముందు ఏది, ఎంతమందితో, ఎంతసేపట్లో అని రాయమంటారు. ఆదివారం అర పేజీ అలవాటు అక్కడ అక్కరకొస్తుంది.

స్టాలిన్‌గ్రాడ్ లాంటి పెద్ద యుద్ధాలు తర్వాత చూసుకోవచ్చు. ముందు కంపెనీ, బెటాలియన్ (కొన్ని కంపెనీల దళం) స్థాయి పోరాటాలు నెలకొకటి చాలు: 1965లో హాజీ పీర్, 1999లో తోలోలింగ్.