సాయం ఆగిన మరుసటి ఏడాది

హైదరాబాద్, విద్యానగర్

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ పరిశోధన మొదటి అధ్యాయం రెండుసార్లు చదివాను. యుద్ధాలతో చితికిన దేశాల్లో విదేశీ సాయం ఎక్కువ అందినచోట వృద్ధి తక్కువగా ఉందని పట్టిక వేసి, సాయమే చెరిచిందని తేల్చేశావు. 2020 అక్టోబరు వానలకు మన నగరంలో పడవలు తిరిగిన కాలనీల్లోనే ఇళ్లు ఎక్కువ మునిగాయి. పడవలే ముంచాయంటామా? కూలిపోతున్న దేశానికే డబ్బు ఎక్కువ వెళ్తుంది తల్లీ. ఆ అధ్యాయం తిరగరాయి.

సైనిక సాయాన్నీ ఆర్థిక సాయాన్నీ ఒకే గడిలో కలపడం కూడా నాకు నచ్చలేదు. వాటిని విడదీయి. విడదీశాక కూడా దాతలు రాసుకున్న పద్దులను పూర్తిగా నమ్మకు. బడుల ఖర్చు పరాయివాళ్లు భరిస్తే, ప్రభుత్వం ఆ మేరకు మిగిలిన సొంత సొమ్మును తుపాకులకు మళ్లించగలదు. కాబట్టి ఆ దేశపు రక్షణ వ్యయం, పన్నుల రాబడి ఏటా ఎలా మారాయో పక్కనే పెట్టుకుని చూడు.

అఫ్గానిస్థాన్‌కు ఎక్కువ పుటలు ఇవ్వు. 2021 ఆగస్టులో తాలిబన్లు అధికారం పట్టకముందు అక్కడి ప్రభుత్వ వ్యయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు విదేశీ నిధులే. విదేశీ సైన్యాల చుట్టూ అల్లుకున్న రవాణా, నిర్మాణం, కాపలా పనులన్నీ జీడీపీలో వృద్ధిగానే లెక్కకెక్కాయి. ఆ సైన్యాలు తగ్గుతున్నకొద్దీ అదీ నీరసించింది. సాయం ఆగి, కేంద్ర బ్యాంకు విదేశీ నిల్వలు స్తంభించాక, 2021 ఒక్క ఏడాదిలోనే ఆర్థిక వ్యవస్థ సుమారు ఐదో వంతు కుంగింది. ఆ ఆగస్టులో మా పైవాటాలో అద్దెకున్న కాబూల్ కుర్రాడికి ఇంటి నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. వాళ్ల నాన్న ప్రభుత్వ గుమాస్తా. ఆ జీతం ఎక్కడి నుంచి వచ్చేదో, అద్దె ఇవ్వలేక తల వంచుకుని నిలబడ్డ ఆ పిల్లవాణ్ణి చూసినప్పుడే నాకు నిజంగా తెలిసింది.

పోలికకు దక్షిణ కొరియాను తీసుకో. 1953లో కొరియా యుద్ధం ఆగాక దాని దిగుమతుల్లో అధిక భాగం అమెరికా సాయంతోనే నడిచింది, సైన్యానికీ ఆ డబ్బే ఆధారం. కానీ భూమి కౌలుదార్లకు చేరింది, బడులు పెరిగాయి. 1960లలో సాయం తగ్గుతుండగా ఎగుమతులు ఊపందుకున్నాయి.

నువ్వు సాయం వచ్చిన ఏళ్లనే లెక్కించావు. ఆగిన తర్వాతి ఐదేళ్లూ చేర్చు.

ఆదివారం కొత్త పట్టికతో రా. కొరియా అంకెలు నా పాత నోటుపుస్తకంలో ఉన్నాయి, వెతికి పెడతాను.

మీ పెదనాన్న