ఖర్జూరాల పొట్లం గురించి

తమ్ముడికి వందనాలు.

ఈజిప్టు వెళ్ళొచ్చి నువ్వు రాసిన 'పరిశుద్ధ దేశ యాత్ర' ముప్పై రెండు పేజీలూ చదివాను. చేతిరాత బాగుంది. పదకొండో పేజీ దగ్గర మాత్రం కాగితాలు పక్కన పడేసి లేచి టీ పెట్టుకున్నాను. 'వాళ్ళ దేవుడు అల్లా, మన దేవుడు వేరు' అని ఒక్క ముక్క రాసేసి ముందుకెళ్ళిపోయావు. కైరోలో 'వేలాడే చర్చి' అనే పాత చర్చిలో ఆరాధనకి కూర్చున్నానని నువ్వే రాశావు కదా, ఫాదర్ ప్రార్థనలో నీ చెవిన పడ్డ మాటేమిటి? అరబ్బీ బైబిలు మొదటి వాక్యంలోనే 'అల్లా' ఉంది. అక్కడి క్రైస్తవులు దేవుణ్ణి పిలిచేది ఆ మాటతోనే. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడే అనే త్రిత్వం దగ్గర, సిలువ మరణం దగ్గర క్రైస్తవులకీ ముస్లింలకీ పేచీ ఉంది. అది రాయి, కాదనను. మాట దగ్గరే గోడ కట్టేస్తే ఎలా? మనం 'దేవుడు' అంటాం, మన వీధి చివర రామాలయం పూజారీ 'దేవుడు' అనే అంటాడు.

నాకీ కోపం ఊరికే రాలేదు. కువైట్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్ కీపర్‌గా తొమ్మిదేళ్ళు చేశాను. సెలవు శుక్రవారం కాబట్టి మా చర్చీ శుక్రవారమే, ఆదివారం డ్యూటీ. రాజంపేటలో మా అమ్మకి ఇది చివరిదాకా మింగుడు పడలేదు. 1984లో రంజాన్ జూన్‌లో వచ్చింది. పగటిపూట నలుగురిలో నీళ్ళు తాగితే చట్టప్రకారం 100 దీనార్ల దాకా జరిమానా, లేదంటే నెల జైలు. మా ఫోర్‌మన్ ఈజిప్టువాడు, తనకి రోజా. కార్టన్ల వెనక నేను బాటిల్ ఎత్తితే తలుపుకి అడ్డంగా, నాకు వీపు పెట్టి నిలబడేవాడు. మూత బిగించిన చప్పుడు వినిపించాకే కదిలేవాడు.

తిరిగొచ్చి ఏం రాశానో తెలుసా? 'అక్కడ నీళ్ళు తాగినా నేరమే' అని. ఆ వీపు రాయలేదు. ఎడిటరుగారు ముచ్చటపడి బాక్సు కట్టి మరీ వేశారు. సిగ్గుపడి, ఆ మనిషిని పెట్టి మళ్ళీ రాస్తే 'ఇందులో సంఘర్షణ లేదండీ' అని తిప్పి పంపారు. స్టాంపుల ఖర్చు నాదే.

యాత్రల రాతల్లో ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది. ఎక్కడికెళ్ళినా అందరూ ఆప్యాయంగా అన్నం పెడతారు, పేజీ చివర మానవత్వం గెలుస్తుంది. ఆ పంచదార పాకమూ నాకు పడదు. చర్చి గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న పోలీసుని నువ్వు చూశావు. 2017 మట్టల ఆదివారం నాడు టాంటాలోనూ అలెగ్జాండ్రియాలోనూ చర్చిల దగ్గర బాంబులు పేలిన దేశమది. మీ గైడు కాప్టిక్, అంటే ఈజిప్టు క్రైస్తవుడు; అతని మణికట్టు లోపలివైపు సిలువ పచ్చబొట్టు ఉందన్నావు, అంతే. ఏ వయసులో పొడిపించారు, ఎవరు చెయ్యి పట్టుకున్నారు, ఏ రోజున పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాడు? అడగాల్సింది.

సీనాయి కొండ 2285 మీటర్లని కొలత రాశావు. కొండ కింద సెయింట్ కేథరిన్ మఠం ప్రహరీ లోపలే, చర్చికి ఎదురుగా, చిన్న మసీదు ఉంది. తరతరాలుగా ఆ మఠాన్ని కనిపెట్టుకుని ఉన్న జెబలియా బెదూయిన్లు, అంటే అక్కడి ఎడారి తెగవాళ్ళు, ముస్లింలు. నీ పేజీల్లో ఆ మసీదూ లేదు, వాళ్ళూ లేరు.

ఇరవై ఏడో పేజీకి వస్తాను. పిరమిడ్ల కొలతలన్నీ అయ్యాక చివర ఒక వాక్యం: 'సాయంత్రం ట్రాఫిక్‌లో ఎవరో కుర్రాడు బస్సు కిటికీలోంచి ఖర్జూరాల పొట్లం ఇచ్చి పోయాడు.' ఈ ఉత్తరం రాయించింది ఆ వాక్యమే. రంజాన్‌లో రోజా విప్పే వేళ ఇంటికి చేరలేక దారిలో చిక్కుకున్నవాళ్ళకి పంచుతారు. నీ మెడలో సిలువ ఆ అబ్బాయి చూశాడా? బస్సు ఆగి ఉందా, వాడే పరిగెత్తుకొచ్చాడా? నువ్వేమన్నావు? కొలతలు కొట్టేసి దీన్ని రెండు పేజీలు చెయ్యి.

ఏ పత్రికకి పంపాలి, ముందుమాట రాస్తారా అని అడిగావు. తర్వాత చూద్దాం. పొట్లంలో ఎన్ని ఖర్జూరాలున్నాయో ముందు రాసి పంపు. తిన్నావో, హోటల్ గదిలో వదిలేసి వచ్చావో, అదీ రాయి.

మీ అన్న